తాడు కాడ మార్కండేయ

మార్కండేయను నేను కొట్టిన. ఒక్కసారి గాదు. ఆయన ముచ్చట చెప్పమంటే నేను ఈడికెల్లే మొదలువెట్టాలె. ముందుగాల మంచి మాటలన్నీ చెప్పి ఆఖరుకు గీ సంగతి చెప్తే మీరు నా ముఖాన ఉమ్ముతరు. ఉమ్మేదుంటే ఇప్పుడే ఉమ్మి, తర్వాత ఇనుండ్రి.

నా పేరు సాయన్న. మాది కొల్లాపూరు దిక్కు చెల్కల ఊరు. మూడేండ్లు వానలు మోసం చేస్తే ఎవుసం ఇడిచి లారీ ఎక్కిన. వనపర్తి దిక్కు, నాగర్‌కర్నూలు దిక్కు పల్లికాయ మూటలేసుకోని గద్వాలల నూనె మిల్లుకు తోలేది నా పని. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేండ్లు. చెయ్యి ముందు లేస్తుండె, మాట తర్వాత వస్తుండె. "నీ చేతికి ఒక బుద్ధి, నీ తలకు ఒక బుద్ధిరా, రెండూ ఎన్నడు కలవయి" అని మా అవ్వ తిడుతుండె. అవ్వ మాట ఇన్నోన్నయితే గీ కథ లేకపోవు.

మార్కండేయ గద్వాల మగ్గాల గేరిల పుట్టిన మనిషి. నేతోళ్ళ పిలగాడు, కానీ మగ్గం మీద కూసోలేదు, హోంగార్డు అయిండు. సన్నగ, కట్టెపుల్ల లెక్క ఉంటుండె. అంగీ జేబుల చిన్న నోటుబుక్కు, చెవి మీద పెన్సిలు. చౌరస్తాల నిలవడి లారీలు లెక్కవెడుతుండె. ఐదు నిమిషాలల ఎన్ని వచ్చినయి, ఎన్ని పోయినయి, రెండు బండ్ల నడుమ ఎన్ని అడుగుల జాగ ఉండె, అన్నీ రాసుకుంటుండె. మేము నవ్వుతుంటిమి. "లారీలు లెక్కవెట్టి ఏం జేస్తవ్‌రా, గుడ్లు పెడ్తయా?" అని ఎంకటన్న అడుగుతుండె. ఎంకటన్నది నాగర్‌కర్నూలు, డ్రైవర్లకు పెద్దమనిషి. నాకు స్టీరింగు పట్టుడు నేర్పింది ఆయననే.

మా మిల్లుకు పోవాలంటే ఒక్కటే తొవ్వ, మగ్గాల గేరి నడుమలకెల్లి. ఆ గేరి ఎంత ఇరుకంటే ఒక లారీ పోతే పక్కన సైకిలు పడుతది, గంతే. పొద్దుగాల ఆరింటికెల్లి తొమ్మిదింటి దాకా నేతోళ్ళు గేరిలనే పడుగు సాపుతరు. చీరల నిలువు పోగులు ఇరవై గజాల పైన పొడుగుంటయి, ఏ ఇంట్ల పడుతయి చెప్పుండ్రి? అందుకే గేరిల ఈ కొసకెల్లి ఆ కొసకు గుంజి కట్టి, గంజి పెట్టి, అటిద్దరు ఇటిద్దరు నిలవడి కుంచెతోని దువ్వుతరు. ఆరేదాకా ఎత్తనీకి లేదు. నడుమల ఎత్తితే పోగుకు పోగు అంటుకోని మొత్తం పాడైతది. నెల దినాల తిండి పోయినట్టే.

ఇగ మా మిల్లు కాడ ఒక కాయిదా ఉండె. ఎవని ముందు చక్రం మిల్లు గేటు కడప ముందుగాల తొక్కుతదో వాని సరుకే ముందు దించుతరు. ఎవడు పెట్టిండో తెల్వదు గీ దిక్కుమాలిన కాయిదా. అందుకని అందరం ఒక్కటే పరుగు. గేరి మొగదల్ల ఐదు లారీలు ఒక్కసారి మూతి పెడ్తే ఒక్కటి గూడ లోపలికి పోదు. హారన్లు, తిట్లు, బంపర్లు ఒకదాన్నొకటి గుద్దుకునుడు. ఎడ్లబండ్లోళ్ళు, సైకిళ్ళోళ్ళు, దవాఖానకు పోయేటోళ్ళు అందరు ఆ నడుమల్నే.

ఎనభై తొమ్మిదిల, యాసంగి పల్లికాయ వచ్చే దినాలు. ఒక పొద్దుగాల నేను నాలుగు లారీల ఎనక ఇరుక్కున్న. గంట అయింది, గంటన్నర అయింది. నాకు తిక్క లేచింది. గోడ పక్కకెల్లి సందు చూసి తొక్కిన. పడుగు సాపి ఉన్నదని నాకు ఎరుకనా? ఎరుకే. చూసిన, అయినా తొక్కిన. ఆడోళ్ళు కుంచెలు ఇడిచి ఉరికిండ్రు. పడుగు నా ముందు చక్రానికి చుట్టుకున్నది. అంజన్న అని ముసలాయన, ఆయనదే ఆ పడుగు, ఇడువలేదు. పది గజాలు ఈడ్చుకపోయిన. మోకాళ్ళ తోలు, మోచేతుల తోలు గేరి రాళ్ళ మీదనే ఉండిపోయింది.

నేతోళ్ళు మెత్తటి మనుషులంటరు. ఎవడన్నడు? కిటికీలకెల్లి నన్ను గుంజి కింద పడేసిండ్రు. కుంచె కట్టెతోని మూతి మీద కొడితే ముందు పన్ను ఊడి నోట్లనే పడ్డది. లారీ అద్దాలు రాళ్ళతోని పలగ్గొట్టిండ్రు. నేను ఊకుంటనా? తెల్లారి ఇరవై మంది డ్రైవర్లం పానాలు, ఇనుప రాడ్లు పట్టుకోని గేరిల చొరబడినం. ఎనిమిది తలకాయలు పగిలినయి. మూడిండ్లల్ల మగ్గం మీద ఉన్న చీరలు కోసి పడేసినం. అంజన్న కొడుకుకు ఒక కన్ను పోయింది. ఆ కన్ను ఎవరి రాడుతోని పోయిందో ఎవరికీ తెల్వదు, నాది గాదని దేవుని మీద ఒట్టు పెట్టి చెప్పలేను. నడుమల మార్కండేయ వచ్చిండు, రెండు చేతులు చాపి నిలవడ్డడు. నేను మూతి మీద గుద్దిన. అదే మొదటిసారి. పెదవి చీలి రక్తం కారింది, భుజానికి తుడుసుకోని మల్ల చేతులు చాపిండు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రెండు దిక్కులోళ్ళను పిలిపిచ్చిండు. మాకు రెండు దెబ్బలేసి, నేతోళ్ళ దిక్కు తిరిగి అన్నడు: "ఒక నెల చూస్త. ఈ నెలల మీకూ డ్రైవర్లకూ ఒక్క కొట్లాట అయినా సరే, ఎవడు మొదలువెట్టినా సరే, గేరిల పడుగు సాపుడు బందు. రోడ్డు బండ్లకు, మీ ఇంటి సామానుకు గాదు." నేతోళ్ళ ముఖాలు నల్లగైనయి. పడుగు బందైతే చీర బందు, చీర బందైతే గేరి ఖాళీ, ఇంకేముంది? మాకేమో కొట్లాటైనా నష్టం లేదు, మిల్లు పెద్దోళ్ళది. న్యాయమా ఇది? కాదు. కానీ ఆ దినం నేను లోపల లోపల సంబరపడ్డ.

మార్కండేయ ముంగటికొచ్చి సలాం కొట్టిండు. "సార్, ఆ నెల నాకిడవుండ్రి. ఒక తాడు, రెండు గుంజలు ఇప్పిస్తే చాలు" అన్నడు. ఇన్‌స్పెక్టర్ నవ్విండు, కానీ ఇచ్చిండు.

గేరికి పావుమైలు ముందుగాల పాడువడ్డ జిన్నింగు మిల్లు మైదానం ఉన్నది. ఆడ రెండు గుంజలు పాతి తాడు కట్టిండు. లారీ ఏదైనా ఆడ ఆగాల్సిందే. గేరి మూల మీద మార్కండేయ వాళ్ళ మిద్దె, మైదానానికి సక్కగ కనవడుతది. మిద్దె మీద ఆయన భార్య రామేశ్వరమ్మ నిలవడి కర్రకు ఎర్రచీర ముక్క కడుతది. ఎర్రది లేసి ఉంటే పడుగు సాపి ఉన్నట్టు, ఒక్క బండి కదలొద్దు. దించితే తాడు లేస్తది, ఐదు లారీలు పోవాలె, ఒకదాని ఎనక ఒకటి, నడుమ ముప్పై అంకెలు లెక్కవెట్టేంత ఎడం. మల్ల తాడు పడుతది, మల్ల పడుగు సాపుతరు. మాట ఇనని లారీ తాడు తెంపుకపోతే మూడుసార్లు విజిల్ ఊదుతడు. అది ఇంటే ఆడోళ్ళు తప్పుకోవాలె, మొగోళ్ళు కట్టెలు పట్టుకోని రావాలె. గేరి పంచాయితిల అందరు కలిసి ఒప్పుకున్న మాట ఇది.

మూడో దినం నేను ఆరో బండి. ఐదు పోయినయి, తాడు నా బంపర్ ముంగట పడ్డది. ముంగట చూస్తే తొవ్వంత ఖాళీ! దిగి పోయి, "ఏయ్ హోంగార్డు, కండ్లు పోయినయా? ముంగట ఒక్క పిల్లి గూడ లేదు, ఎందుకాపినవ్?" అన్న.

"ఖాళీ ఉన్నది గాబట్టే పోతున్నయి సాయన్నా. నింపితే ఆగుతయి."

నాకు ఎక్కిరిచ్చినట్టు ఇనవడ్డది. చెంప మీద ఒక్కటి పీకిన. టోపీ పోయి దుమ్ముల పడ్డది. తెచ్చుకోని, దులుపుకోని, పెట్టుకోని, మల్ల తాడు పట్టుకున్నడు. తిట్టనన్న తిట్టలేదు. తిడితే నాకు జర నిమ్మళమవుతుండె.

అయితే చెప్పాలె గదా, ఆ దినం నా సరుకు పదకొండింటికే దిగింది. అంతకుముందు సాయంత్రం నాలుగైతుండె. వారం తిరిగేసరికి పగటి పన్నెండింటికే మిల్లు ఖాళీ అయి, హమాలోళ్ళు నీడకు కూసోని బీడీలు కాల్చుకుంటుండ్రు. ఆపితే తొందరగ పోవుడేంది?

తొమ్మిదో దినం పాపం తగిలింది. గేటు కాడి పరుగు ఆగింది నిజమే, కానీ కాయిదా మనసులకెల్లి పోలేదు. తాడు కాడ ముందు నిలవడ్డోడే ముందు పోతడు గదా, అందుకని ఎర్రవల్లి చౌరస్తాకెల్లి తాడు దాకా పందెం మొదలైంది. ఎంకటన్న లారీ, నా లారీ పక్కపక్కన, రెండు అద్దాలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నయి. ముంగట మల్లయ్య అనే రైతు ఎడ్లబండి. నేను జాగ ఇయ్యలే, ఎంకటన్న ఆగలే. ఎంకటన్న బంపర్ ఎద్దును కొట్టింది. ముందు రెండు కాళ్ళు ఇరిగి, ఎద్దు నడిరోడ్డు మీద లేవబోతది, పడుతది, లేవబోతది, పడుతది. దాని అరుపు ఇంకా నా చెవులల్ల ఉన్నది. మల్లయ్య చెర్నకోల తీసుకోని ఇద్దర్నీ వాతలు తేలెటట్టు కొట్టిండు. ఎంకటన్న ఆయన్ను కాలుతోని తన్నిండు. ఆఖరుకు మల్లయ్యనే గొడ్డలి తెచ్చి, ఏడ్చుకుంట, తన ఎద్దు తల మీద తానే కొట్టి సంపుకున్నడు. దాని బాధ చూడలేక.

మార్కండేయ సైకిల్ మీద వచ్చి, రక్తం చూసి రోడ్డు మీదనే కూలవడ్డడు. "నేనే సంపిన, నేనే సంపిన" అన్నడు. నువ్వెట్ల సంపినవ్‌రా పిచ్చోడా, బండి తోలింది మేమైతే!

ఆయితారం నాడు నా లారీ కాడికొచ్చి, "వనపర్తి పోతున్నవా? నన్ను గూడ తోల్కపో" అన్నడు. వారం కింద చెంప పగలగొట్టినోని లారీనే ఎక్కి, నా పక్కనే కూసున్నడు. ఏం మనిషో! బీచుపల్లి వంతెన దాటేదాకా నేను రోడ్డు దిక్కే చూసుకుంట తోలిన. సిగ్గనిపిచ్చింది. ఆయననే చెప్పుకుంట వచ్చిండు. వనపర్తిల ఇంటరు చదివిండంట, భౌతికశాస్త్రం రెండుసార్లు తప్పిండంట. ఆ పాఠం చెప్పే ఏసురత్నం సారు మాత్రం తప్పిన పిలగాన్ని గూడ ఇంటికి పిలిచి చెప్తుండెనంట.

"సాయన్నా, ముంగట లారీ బ్రేకు కొడ్తే నువ్వేం జేస్తవ్?"

"కొడ్త."

"నీ ఎనకటోడు?"

"వాడూ కొడ్తడు. జర గట్టిగ కొడ్తడు."

"గంతే. లారీలు ముందుకు పోతుంటయి, ఆగుడు ఎనకకు పోతుంటది. చెర్ల రాయేస్తే అల పోయినట్టు. ముంగటోడు మల్ల బయలెల్లినా, ఆ అల ఎనకున్నోన్ని ఆపుకుంటనే పోతది. ఆఖరున ఉన్నోనికి ఎందుకాగిండో గూడ తెల్వదు. ఊకెనే హారన్ కొడ్తుంటడు." నోటుబుక్కు తీసి ఒక గీత చూపిచ్చిండు, గుట్ట లెక్క ఎక్కి దిగుతుంది. "తొవ్వ మీద బండ్లు తక్కువుంటే పోయేటియి తక్కువ. జర నింపు, ఎక్కువ పోతయి. ఇంకా నింపు, మల్ల తక్కువైతయి. బొత్తిగ నింపితే ఒక్కటి పోదు. మనం గుట్ట మీదనే నిలవడాలె, అవుతలికి దిగొద్దు. అందుకే తాడు."

నాకు మిల్లుల పల్లికాయ పోసే గొంతు యాదికొచ్చింది. మూట మూటంత ఒక్కసారి గుమ్మరిస్తే గొంతు పట్టుకుంటది, కట్టెతోని పొడవాలె. చేటతోని పోస్తే గలగల దిగుతది. ఆ మాట అంటే మార్కండేయ నా భుజం మీద చెయ్యేసి, "అరె, నీకు వచ్చింది! నాకు రెండేండ్లు పట్టింది" అన్నడు. అంత ఖుషీ నేను ఎవరి ముఖంల చూడలేదు, నేను కొట్టిన ముఖంల చూసిన.

మేము వనపర్తి చేరేసరికి ఏసురత్నం సారు వాకిట్ల పీట మీద కూసోని జొన్నలు చెరుగుతుండు. అంత చదువుకున్న మనిషి ఆయననే చెరుగుతుండు. మార్కండేయ ఎద్దు సంగతి చెప్పి, తల వంచుకోని నిలవడ్డడు. సారు గుప్పెడు జొన్నలు తీసి, చేతిల్నే కదిలిచ్చుకుంట అన్నడు: "తప్పు నాది మార్కండేయా. నేను నీకు గింజల సంగతి చెప్పిన, నీళ్ళ సంగతి చెప్పిన. గింజకు నేను ముందు పోవాలె అన్న కోరిక లేదు. మనిషికున్నది. ఆ కోరిక ఉన్నంత సేపు నువ్వు ఏడ తాడు కట్టినా, నెత్తురు ఇంకో జాగల కారుతది. కోరిక తీసేయలేవు, అది ఏ లెక్కకూ అందది. కానీ ఉరికితే వచ్చే లాభం తీసేయొచ్చు."

తిరిగొచ్చేటప్పుడు మార్కండేయ తొవ్వ పొడుగూత నోటుబుక్కుల రాసుకుంటనే ఉన్నడు. తెల్లారి తాడు కాడ గుప్పిట్ల దారప్పోగులు పట్టుకోని నిలవడ్డడు. ఏడింటిలోపల వచ్చినోళ్ళందరు ఒక్కటే, ముందొచ్చినా ఎనకొచ్చినా. తలా ఒక పోగు గుంజాలె. పొడుగు పోగు వచ్చినోడు ముందు, పొట్టిది వచ్చినోడు ఎనక. ఎంకటన్న గయ్యిమన్నడు, "గిదేం జూదంరా!" అని. కానీ ఎర్రవల్లి కాడికెల్లి పందెం ఆ దినమే ఆగింది. ఉరికి ఏం లాభం? మల్లయ్య గూడ ఇంకో ఎద్దును కట్టుకోని, భయం భయంగ రోడ్డెక్కిండు.

ఇరవై దినాలు, ఇరవై ఐదు దినాలు, ఇరవై తొమ్మిది. గేరిల ముసలోళ్ళు గోడ మీద బొగ్గుతోని గీతలు గీస్తుండ్రు. ఒక్క కొట్లాట లేదు. ఇంకొక్క దినం దాటితే గేరి బతికినట్టే.

ముప్పయ్యో దినం నా చేతికి అన్నిట్ల పొట్టి పోగు వచ్చింది. వరుసగ మూడో దినం అట్లనే. ఎంకటన్న పొడుగు పోగు చూపిచ్చి, "నీ నసీబు నిలువు పడుగుల గూడ లేదురా సాయిగా, అడ్డం పేకల గూడ లేదు" అని నవ్విండు, పది మంది నవ్విండ్రు. ఎండ ఎక్కుతుంది. మిద్దె మీద ఎర్రది దిగుత లేదు. అరగంట, ముప్పావు గంట. గాలి లేసి గేరిల పడుగు చిక్కు పడ్డదంట, అది నాకు తర్వాత తెలిసింది. నాకు ఇంట్ల ఎవలకూ పానం బాగలేక గాదు, పెండ్లికి పోయేది గాదు, ఏం గాదు. నన్ను చూసి నవ్విండ్రు, గంతే. పెద్ద కారణం ఉండె అని చెప్పుకోనీకి గూడ నాకు లేదు.

పానా తీసుకోని దిగిన. చక్రాలు ఇప్పే పెద్ద పానా, చెయ్యంత పొడుగు. "తాడు లేపు" అన్న.

"ఎర్రది ఉన్నది సాయన్నా. కింద ఆడోళ్ళున్నరు."

"లేపుతవా లేదా?"

తాడు కొసను తన కుడిచెయ్యికి మోచేతి దాకా చుట్టుకున్నడు. ఆ చెయ్యి మీదనే కొట్టిన. ఎముక ఇరిగిన సప్పుడు నాకు ఇనవడ్డది, అక్కడున్న అందరికి ఇనవడ్డది. మోకాళ్ళ మీద పడ్డడు, తాడు ఇడువలే. భుజం మీద కొట్టిన. ఎంకటన్న వచ్చి ఆపుతడనుకుంటే, వాడూ ఎనకకెల్లి తన్నిండు. ఇంకొక ఇద్దరు తన్నిండ్రు. విజిల్ ఆయన నోట్లనే ఉన్నది, పండ్ల నడుమ. ఊదితే చాలు, మూడుసార్లు. గేరి గేరంత కట్టెలు పట్టుకోని వస్తుండె, మమ్ముల్ని చీరి చింతాకులు చేస్తుండె. నేను ఎదురు చూసిన గూడ. ఊది సావరా అని మనసుల అనుకున్న. ఊదలే. ఊదితే కొట్లాట, కొట్లాటైతే పడుగు బందు. విజిల్ ఊసి, "దించుతరు, ఇప్పుడే దించుతరు, జర ఆగుండ్రి అన్నా" అన్నడు. అన్నా అన్నడు నన్ను. నాకంటే పెద్దోడు.

ఎర్రది దిగింది.

ఎడమచేత్తోని చుట్టు ఇప్పుకున్నడు. ఒక్క చేత్తోనే తాడు లేపి, "పొడుగు పోగు ఎవరిది? పోవాలె, ముప్పై అంకెలు" అన్నడు. ముఖమంత రక్తం. ఎంకటన్న తల వంచుకోని లారీ ఎక్కిండు. ఆ పొద్దుకు అదే ఆఖరి పడుగు గాబట్టి ఐదు కాడ ఆగకుంట, ఒకదాని ఎనక ఒకటి, ముప్పై ముప్పై ఎడంతోని, పద్ధతి ప్రకారం అన్నీ పోయినయి. నా చేతిల పానా ఉండె, అది నా చెయ్యేనా అని చూసుకున్న. ఆఖరుకు మేమిద్దరమే మిగిలినం. ఎత్తుకోని క్యాబిన్ల పండవెట్టిన. "సీటు మీద వద్దు, కింద. గేరోళ్ళకు కనవడొద్దు" అన్నడు.

దవాఖానకు గూడ గేరిలకెల్లే పోవాలె. ఆయన నా కాళ్ళ కాడ గేరు రాడ్డు పక్కన ముడుచుకోని పండుకున్నడు. తుండుగుడ్డ కప్పిన. గేరిల జనం నిలవడి ఉన్నరు, ఆఖరి దినమని పిలగాండ్లు చప్పట్లు కొడుతున్నరు. ఎన్నడు లేనిది అంజన్న నాకు చెయ్యి ఊపిండు. నేను గూడ ఊపిన. కింద మార్కండేయ పండ్లు కొరుక్కుంట, సప్పుడు చేయకుంట ఉన్నడు.

గేరి దాటినంక చెప్పిండు: "సైకిల్ మీదికెల్లి పడ్డ. లారీకి అడ్డమొచ్చి నేనే పడ్డ. నువ్వు చూసినవ్. గంతే చెప్పు."

"నన్ను జైల్ల ఏయించన్నా" అన్న. ఏడుపొచ్చింది నాకు.

"నిన్ను ఏయిస్తే కొట్లాటైనట్టే గదా! బుద్ధుందా నీకు?" అని కోపానికొచ్చిండు. అన్ని దెబ్బలు తిన్నా రాని కోపం అప్పుడొచ్చింది.

దవాఖానల సైకిల్ అనే చెప్పిన. ఠాణాల సాక్షి సంతకం గూడ నేనే పెట్టిన. నెల దినాల కొట్లాట లేదని ఇన్‌స్పెక్టర్ రాసిండు. గేరిల పడుగు ఆగలేదు. మార్కండేయ చెయ్యి మాత్రం వంకరగనే అతుక్కున్నది, భుజం దాటి పైకి లేవలే. చెయ్యి లేవని హోంగార్డు దేనికి పనికొస్తడు? తీసేసిండ్రు. మగ్గం మీద కూసుందామన్నా ఆ చెయ్యి పనిచేయలే. ఎడమచేత్తోని దారం కండెలు చుట్టుకుంట, ముసలవ్వల పక్కన కూసున్నడు. తాడు మాత్రం గేరోళ్ళే వంతులేసుకోని పట్టిండ్రు. ఇంకొక ఠాణా సారు వచ్చి చూసి, ఇది ఎవరి తెలివి అని అడిగితే, ఠాణోళ్ళకే తెల్వక ఎవరో పెద్ద ఆఫీసరు చెప్పిండని అన్నరంట.

నేను ఆ గేరిలకెల్లి ఏడేండ్లు పోయిన, వచ్చిన. మల్ల ఎవరి మీదా చెయ్యి లేపలే. రామేశ్వరమ్మ వాకిట్ల ఉంటే లారీ ఆపి, "బాగున్నరా వదినె" అంటుంటి. "బాగున్నం" అని చెంబుతోని నీళ్ళిచ్చేది. ఒక్కనాడన్న చెప్దామనుకుంటి. నోరు రాకపోవు.

తొంభై ఆరుల మార్కండేయ కామెర్లొచ్చి పోయిండు. పదో దినం పోయిన. బంధువులందరు తిని లేసినంక, రామేశ్వరమ్మ ఒక్కతే మగ్గం గుంట గట్టు మీద కూసోని ఉంటే, పోయి ముంగట కూలవడ్డ. "వదినె, అన్న సైకిల్ మీదికెల్లి పడలే. నేను కొట్టిన. చెప్పుతోని కొట్టు నన్ను" అన్న.

ఆమె ఏడువలే, కొట్టలే. నా దిక్కు చూసింది.

"నాకు ఎరుకే సాయన్నా. ఎర్రచీర పట్టుకోని మిద్దె మీద ఉన్నది నేనే గదా. అంత కనవడ్డది."

"మరి… అరువలేదేంది వదినె?"

"అరిస్తే గేరి లేచొస్తది. చీర దించితే కింద మా అత్త, మా చెల్లె, అందరు పడుగు కాడనే ఉన్నరు. ఏం జెయ్యాలె? నోట్ల కొంగు కుక్కుకోని నిలవడ్డ. నువ్వు కొడుతుంటే లెక్కవెట్టిన. ఆయన లెక్కలే గదా నాకు నేర్పింది. నీయి ఒక్కనియే పదకొండు."

నాకు రెండే యాదికున్నయి.